వంటగ్యాస్‌కి ఆ కంపు ఎక్కడిది?

పిల్లలూ, మనామాలో మేముండే ఫ్లాట్‌లో జరిగిన సంగతి చెప్తాను. మా పాప స్కూలు నుంచి రాగానే ముక్కు మూసుకుని, "అమ్మా, క్యాబేజీ ఏమైనా కుళ్ళిందా?" అంది. నాకు జలుబు, ఏమీ తెలియలేదు. వెళ్లి చూస్తే గ్యాస్ బండ మీద రెగ్యులేటర్ సరిగ్గా కూర్చోలేదు. బండ మార్చింది నేనే! పైగా ఏసీ కోసం కిటికీలన్నీ బిగించేశాం.

నిజానికి వంటగ్యాస్‌కి దాదాపు వాసనే ఉండదు. ఆ కంపు ఇథైల్ మెర్కాప్టాన్ అనే ద్రవానిది. అందులో గంధకం, అంటే సల్ఫర్, ఉంటుంది. ఇంగువ, వెల్లుల్లి ఘాటు కూడా గంధకం చలవే. గాలిలో గ్యాస్ సుమారు 2 శాతానికి చేరితే అంటుకోగలదు. అందులో ఐదో వంతు ఉండగానే ముక్కుకి తెలిసేలా ఈ ద్రవాన్ని కావాలనే కలుపుతారు.

ఎందుకంటారా? 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్‌లో, న్యూ లండన్ అనే ఊళ్లో, స్కూలు కింద గ్యాస్ నిండింది. వాసన లేదు, ఎవరికీ తెలియలేదు. ఒక్క నిప్పురవ్వకి బడి పేలి దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది మీలాంటి పిల్లలే. ఆ ఏడాదే టెక్సాస్‌లో గ్యాస్‌కి వాసన కలపాలని చట్టం చేశారు.

దీని చుట్టం ఇంకొకటుంది, హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. డిగ్రీలో మా ల్యాబ్ అంతా అదే! సీసం ఉన్న ద్రావణంలోకి దీన్ని పంపితే నల్లటి మడ్డి దిగుతుంది, కాడ్మియం ఉంటే పసుపుపచ్చది. రంగు చూసి లోపల ఏ లోహముందో చెప్పేవాళ్లం. ల్యాబ్ నుంచి వచ్చిన రోజు బస్సులో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.

ఇక్కడ సిత్రాలో 1936 నుంచి చమురు శుద్ధి కర్మాగారం ఉంది. చమురులోంచి గంధకాన్ని తీసేటప్పుడు పుట్టేదీ ఈ వాయువే. దాన్ని మళ్లీ పచ్చటి గంధకంగా మారుస్తారు, అది ఎరువుల తయారీకి పోతుంది. కానీ ఇది మహా మోసకారి. ఎక్కువైతే ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన పోయిందనుకుంటాం, వాయువు మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే ఇలాంటి చోట పనిచేసేవాళ్లు ముక్కుని నమ్మరు, చొక్కాకి చిన్న అలారం తగిలించుకుంటారు.

ఇంట్లో మాత్రం ముక్కే మనకి అలారం. వంటగ్యాస్ గాలికంటే బరువు, నేలబారున పరుచుకుంటుంది. స్విచ్ వేసినా, తీసినా లోపల సన్నటి నిప్పురవ్వ పుడుతుంది. ఆ రోజు మా పాప లైటు వెయ్యబోయింది. చెయ్యి పట్టుకుని ఆపి, ముందు బయటికి పంపించి, బండ కట్టేసి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచాను.

మీరు చెయ్యండి: మీ ఇంట్లో గ్యాస్ ఎక్కడ కట్టెయ్యాలో అమ్మనో నాన్ననో అడిగి, రెండు వాక్యాల్లో రాయండి.