ఇంజను మార్చిన పాల వ్యానును అమ్మే ముందు

పాల సేకరణకు తిరిగే వ్యాను ఇంజను అరిగిపోతే వేరే ఇంజను బిగించడం మామూలే. చిక్కంతా ఆ బండిని అమ్మదలచినప్పుడు వస్తుంది. ఇంజను మీది నంబరు, ఆర్.సి.లోని నంబరు ఒకటి కాకపోతే తనిఖీలో బండిని నిలిపివేయవచ్చు.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇంజను మార్చిన 14 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలియజేసి, కొత్త నంబరును ఆర్.సి.లో ఎక్కించుకోవాలి. ఇంజను కొన్న బిల్లును భద్రపరచండి.

తరువాతది పొగ పరీక్ష. బండిని నిలిపి, యాక్సిలరేటరు ఒక్కసారిగా తొక్కి పొగ చిక్కదనం కొలుస్తారు. భారత్ స్టేజి-4కు ముందరి డీజిల్ బండ్లకు హద్దు 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు. నల్లపొగ వస్తుంటే గాలి చాలకనో, డీజిలు ఎక్కువయ్యో సరిగా మండడం లేదన్నమాట. ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయించి, నాజిళ్లు, పంపు చూపించండి. ఇంజను బాగా వేడెక్కాకనే పరీక్షకు పెట్టండి.

డబ్బు చేతికి రాగానే పని ముగిసిందనుకోరాదు. 29, 30 ఫారాలతో పేరు మారేదాకా, ప్రమాదం జరిగితే రికార్డులోని యజమానిదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బండి సంఘం పేరున ఉంటే ఆ భారం సభ్యుల పాల డబ్బు మీదే పడుతుంది.