గొలుసు లేని పెట్టె

1989లో డాడ్జ్ కంపెనీ తన పికప్ ట్రక్కులో కమిన్స్ వారి 5.9 లీటర్ల డీజిల్ ఇంజన్ పెట్టింది. పొలం యంత్రాలు చేసే కేస్ కంపెనీతో కలిసి రూపొందించిన ఇంజన్ల కుటుంబం అది. తర్వాత టాటా కమిన్స్ దాన్నే జంషెడ్‌పూర్‌లో తయారుచేసింది, మన లారీల్లోనూ తిరిగింది. పికప్‌లో దాని టార్క్ 542 న్యూటన్ మీటర్లు. ఆ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచడానికి గేరుబాక్సు వెనక ఓ పోత ఇనుప పెట్టె బిగించారు. దాని పేరు ఎన్‌పీ 205. అమెరికాలో సిరాక్యూస్ దగ్గర న్యూ ప్రాసెస్ గేర్ కంపెనీ చేసిన ట్రాన్స్‌ఫర్ కేసు. అప్పటికే ఎన్నో పనిబండ్ల కింద నలిగిన పాతకాపు.

దీన్ని బరువులాగే పోటీల్లోకి తెచ్చినవాళ్లు ముందుగా చూసింది లోపల గొలుసు లేకపోవడం. 1994లో కొత్త డాడ్జ్‌కు వచ్చిన కేసు తేలిక, చప్పుడూ తక్కువే. కానీ అందులో ముందు చక్రాలకు బలం వెళ్లేది గొలుసు మీదుగా. 205లో అన్నీ పళ్లచక్రాలే.

ఒంగోలు వైపు ఎడ్ల బండలాగుడు చూసినవాళ్లకు ఈ ఆట సగం తెలిసినట్టే. అక్కడ బండ బరువు మారదు. ఇక్కడ ట్రక్కు వెనక కట్టే స్లెడ్ మీద బరువుల పెట్టె ఒకటి ఉంటుంది. స్లెడ్ కదిలేకొద్దీ ఆ పెట్టె వెనక చక్రాల మీంచి ముందుకు జరుగుతుంది, ముందున్న ఇనుప పళ్లెం నేలను అదుముతుంది. 300 అడుగులు, అంటే 91 మీటర్లు లాగితే పూర్తిగా లాగినట్టు. మధ్యలో గేరు మార్చడం సాధారణంగా ఉండదు. క్లచ్ తొక్కితే ఊపు పోతుంది, టర్బో గాలి పడిపోతుంది. అందుకే ఏ నిష్పత్తి అన్నది ముందే తేల్చుకోవాలి.

లెక్క చేద్దాం. 205కి ‘లో రేంజ్’ (వేగం తగ్గించి బలం పెంచే గేరు) నిష్పత్తి 1.96. ఆ డాడ్జ్ యాక్సిల్‌లో క్రౌను, పినియను నిష్పత్తి 3.54. రెండూ గుణిస్తే 6.94. గేరుబాక్సు నేరుగా తిరిగే నాలుగో గేరులో, ఇంజన్ నిమిషానికి 4000 చుట్లు తిరిగితే, 35 అంగుళాల టైరు అంచు వేగం గంటకు దాదాపు 97 కిలోమీటర్లు. ట్రక్కు అంత వేగంగా పోదు, టైరు మట్టిని తవ్వుకుంటూ జారుతుంది. యాక్సిల్ 4.10కి మారిస్తే ఆ వేగం 83కి దిగుతుంది. ఎత్తుకోవడం సులువే, కానీ మట్టి మెత్తగా ఉంటే ఇంజన్ చుట్లు తొందరగా అయిపోతాయి. నిష్పత్తి మరీ తక్కువైతే బరువు మీద పడగానే ఇంజన్ కుంగుతుంది.

అసలు ఆసక్తికరమైన సంగతి మొత్తం నిష్పత్తిలో లేదు, అది ఎక్కడ పుడుతోందన్నదాంట్లో ఉంది. పోటీ ఇంజన్ టార్క్ 2000 న్యూటన్ మీటర్లు అనుకుందాం. 205 ‘లో రేంజ్’ దాటాక ప్రొపెల్లర్ షాఫ్టుల మీద 3920 పడుతుంది. రెండూ పంచుకుంటాయి నిజమే, కానీ ముక్కు లేచి ముందు చక్రాలు పట్టు వదిలాయంటే దాదాపు అంతా వెనక షాఫ్టే మోయాలి. పై తరగతి పోటీల్లో కొందరు అమెరికా సైన్యం రెండున్నర టన్నుల లారీల రాక్‌వెల్ యాక్సిల్ వేస్తారు. దాని నిష్పత్తి 6.72. లో రేంజ్ అక్కర్లేదు. చక్రం దగ్గర టార్క్ సుమారు అంతే, షాఫ్టు మీద మాత్రం 2000 చాలు. నాకు ఇదే తెలివైన దారి అనిపిస్తుంది, ఉచితమైతే కాదు. షాఫ్టు ఇంజన్ వేగంతోనే తిరగాలి గనక బ్యాలెన్స్ చక్కగా కుదరాలి, తెగితే ఎగరకుండా చుట్టూ ఇనుప కాపు ఉండాలి. పైగా ఆ యాక్సిల్ బరువు. ట్రక్కు మొత్తం బరువుకు పరిమితి ఉంటుంది. యాక్సిల్‌లో పెరిగిన ప్రతి కిలో ముక్కు మీద వేలాడే బరువుల్లోంచి తగ్గాల్సిందే.

ఏది పెట్టినా, విరగ్గొట్టేది తరచూ కుదుపు. చక్రం ఎగిరి పట్టు దొరికిన క్షణంలో క్రాసు జాయింటు మీద పడే దెబ్బకు పై లెక్కలు చాలవు. అందుకే వెనక స్ప్రింగు కట్టలు ఆడకుండా ఇనుప దిమ్మెలు బిగిస్తారు.

న్యూ ప్రాసెస్ గేర్ 2012లో మూతపడింది. 205 మాత్రం పాత ట్రక్కుల కింది నుంచి ఊడి, మేలైన ఉక్కు షాఫ్టులు వేయించుకుని, ఇంకా మట్టిలో దిగుతూనే ఉంది.