వెతుకులాటలో దొరికిన ముక్కలు

ఇంద్రేశంలో ఇంటి స్థలం కొనదలచిన ఒక విద్యార్థి తండ్రి కోరగా, మేము ఫోనులో ఆ ఊరి పేరు వెతికాము. ప్లాట్ల ప్రకటనలు, బస్సు వేళలు, 1972లో పటాన్‌చెరులో నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ విశేషాలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. ఎంతో కిందికి వెళ్లాక, నక్కవాగును కలుషితం చేసిన పరిశ్రమల వ్యర్థాలపై 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యం కనిపించింది.

యంత్రం పదాలను పోల్చి ముక్కలను ముందుంచుతుంది. సొమ్ము చెల్లించిన ప్రకటనకు పైచోటు ఇస్తుంది. నేలకూ నీటికీ గల సంబంధాన్ని మనిషే గ్రహించాలి. అందిన వార్తను విచారించి నిర్ధారించుకోవాలన్నది దివ్యఖుర్ఆన్ (49:6) బోధన. హదీసువేత్తలు ప్రతి ఉల్లేఖనానికీ ‘ఎవరు చెప్పారు?’ అని అడిగారు.

ఆ తండ్రితో మేమన్నది ఒక్కటే: బయానా ఇచ్చే ముందు అక్కడి బోరు నీటిని పరీక్ష చేయించండి.