చెప్పుకింది ఇనుము

పల్నాటి నేల మెత్తనిది కాదు. మాచర్ల, గురజాల ప్రాంతాలలో నాపరాయి, సున్నపురాయి అడుగడుగున కాలికి తగులుతవి. ఇట్టి నేలమీద తోలుచెప్పు ఎంతకాలము నిలువగలదు? అందుకే చెప్పు మడమకు చిన్న ఇనుపలాడము కొట్టించుకొనేవారు.

చూపులకు ఇది రెండు దెబ్బల పని. కాని పనిలో ఆరితేరినవాడు సుత్తి ఎత్తకముందు చెప్పును తిరగవేసి చూస్తాడు. మడమ ఏ అంచున అరిగినదో అదే ఆ మనిషి నడకతీరు చెబుతుంది. లాడము అక్కడ కూర్చోవలెను. చీల పొట్టిదైతే పట్టు నిలువదు. పొడుగైతే అట్టను దాటి కాలిని పొడుస్తుంది. పైకి వచ్చిన మొనను ఇనుపదిమ్మమీద మడిచి తోలులోనికే అణచవలెను.

మరమ్మతు ఇంకను మెలకువ గల పని. పాతచీల వదులైన రంధ్రములో కొత్తచీల నిలువదు. ఆ రంధ్రమును కొయ్యమేకుతో పూడ్చి, లాడమును ఇసుమంత జరిపి, గట్టితోలులో చీల దింపవలెను.

ఖండాంతరములలో సైకిలు పందెగాళ్ళ బూట్లకును ఇదే సూత్రము. పెడలు అంచును పట్టుకొనే గాడిగల లోహపుబిళ్ళను వారి తోలు అట్టలకు మేకులతో బిగించేవారు. మొదట కొన్నాళ్ళు బిళ్ళ లేకుండా తొక్కి, పెడలు అట్టమీద వేసిన గీతను చూచి, దాని వెంబడి బిళ్ళ కొట్టేవారు. బిళ్ళ వంకరైతే మోకాలు నొచ్చేది. 1984లో ఫ్రాన్సుకు చెందిన లుక్ సంస్థ మడమ తిప్పగానే బూటును వదలే పెడలును తెచ్చిన పిమ్మట ఆ మేకుల పని క్రమముగా మూలపడినది.

పరుల నడకను ఇంతగా ఎరిగిన చర్మకారుని నడక మాత్రము స్వేచ్ఛగా సాగలేదు. ఊరందరికి చెప్పులు కుట్టినవాడు తాను చెప్పులు తొడిగి ఊరి వీధిలో నడువరాదన్న కట్టుబాటు తెలుగుపల్లెలలో తరతరాలు సాగినది. నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండ ప్రాంతమున 1895లో జన్మించిన గుఱ్ఱం జాషువా, 1941 నాటి ‘గబ్బిలము’లో చెప్పులు కుట్టి బ్రతికే అరుంధతీసుతునే నాయకుని చేసినారు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది.

రబ్బరు అట్టలు వచ్చి లాడపు అవసరము తగ్గినది. ఆ పనివానికి ఊరు పడిన బాకీ మాత్రము ఇంకను తీరలేదు.