భారతదేశంలో అంతర్జాల తటస్థత ఉద్యమము

అంతర్జాల తటస్థత (నెట్ న్యూట్రాలిటీ) అనగా అంతర్జాల సేవలు అందించే సంస్థలు తమ వలయము గుండా ప్రయాణించే సమాచారాన్నంతటినీ సమానంగా చూడవలెననే సూత్రము. ఒక వెబ్‌సైటును అడ్డగించుట, దాని వేగాన్ని తగ్గించుట, సొమ్ము పుచ్చుకొని మరొకదానికి ప్రాధాన్యమిచ్చుట ఈ సూత్రానికి విరుద్ధము. ఈ సూత్రాన్ని కాపాడుటకు భారతదేశంలో 2014 చివరి నుండి 2018 వరకు ఒక ఉద్యమము నడిచినది. అంతర్జాలమే లేని పేదవానికి కొన్ని వెబ్‌సైట్లు ఉచితంగా ఇచ్చుట మేలా, లేక ధనికునికీ పేదకూ ఒకే అంతర్జాలము ఉండవలెనా అన్నది ఈ వివాదంలో ముఖ్యమైన ప్రశ్న.

సూత్రము

విద్యుత్ సంస్థ మన ఇంటిలోని ఫ్యాను ఏ కంపెనీదో చూసి ధర నిర్ణయించదు. ఎన్ని యూనిట్లు వాడామన్నదే లెక్క. అదే విధంగా వినియోగదారుడు కొన్న డేటాను ఏ వెబ్‌సైటు కొరకు వాడుచున్నాడన్నది టెలికాం సంస్థకు సంబంధించిన విషయము కాదని తటస్థతను సమర్థించేవారి వాదన. నెట్ న్యూట్రాలిటీ అనే పదాన్ని 2003లో అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు టిమ్ వూ ప్రచారంలోకి తెచ్చాడు. ఈ సూత్రాన్ని 2010లో చట్టంగా చేసిన చిలీ ఈ విషయంలో మొదటి దేశము.

తటస్థతను మూడు విధాలుగా ఉల్లంఘించవచ్చును. మొదటిది అడ్డగింపు. రెండవది వేగంలో భేదము చూపుట. మూడవది ధరలో భేదము చూపుట. కొన్ని వెబ్‌సైట్లకు డేటా రుసుము వసూలు చేయకుండుటను జీరో రేటింగ్ అందురు. ఇది మూడవ కోవకు చెందినది. మొదటి రెండింటి వలన కలిగే నష్టము వినియోగదారునికి వెంటనే తెలియును. మూడవది చూచుటకు లాభంగానే కనిపించును. అందువలననే దానిపై వివాదము ఎక్కువగా జరిగినది.

నేపథ్యము

స్కైప్, వైబర్, వాట్సాప్ వంటి సేవలు వ్యాపించుటతో టెలికాం సంస్థలకు ఫోను పిలుపులు, సంక్షిప్త సందేశాల ద్వారా వచ్చే ఆదాయము తగ్గసాగినది. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ సంస్థ అంతర్జాలము ద్వారా చేసే పిలుపులకు ప్రత్యేక రుసుము ప్రకటించినది. ప్రజలనుండి తీవ్ర నిరసన రావడంతో కొద్ది రోజులలోనే ఉపసంహరించుకొన్నది.

2015 మార్చి 27న భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) ఈ విషయమై ఒక సంప్రదింపుల పత్రాన్ని విడుదల చేసినది. 118 పుటల ఆ పత్రంలో 20 ప్రశ్నలు ఉన్నవి. అభిప్రాయాలు తెలుపుటకు ఏప్రిల్ 24 వరకు గడువు ఇవ్వబడినది.

2015 ఏప్రిల్ ఉద్యమము

సాంకేతిక నిపుణులు, న్యాయవాదులు, పాత్రికేయులు, విద్యార్థులు స్వచ్ఛందంగా కలిసి "సేవ్ ది ఇంటర్నెట్" పేరుతో ఒక వెబ్‌సైటును ప్రారంభించారు. సామాన్యులకు కొరుకుడుపడని ఆ పత్రాన్ని వారు సులభమైన మాటలలోకి మార్చి, 20 ప్రశ్నలకు నమూనా సమాధానాలు తయారుచేసి, ఎవరైనా ట్రాయ్‌కు ఈమెయిలు పంపుటకు వీలు కల్పించారు. ఏఐబీ అనే హాస్య బృందము ఇదే విషయంపై చేసిన వీడియో విస్తృత ప్రచారము పొందినది. గడువు ముగియునాటికి ట్రాయ్‌కు చేరిన ఈమెయిళ్ళు 10 లక్షలు దాటినవి.

ఇదే సమయంలో ఎయిర్‌టెల్ సంస్థ "ఎయిర్‌టెల్ జీరో" అను పథకాన్ని ప్రకటించినది. దీనిలో డేటా రుసుమును వినియోగదారునికి బదులు ఆయా అనువర్తనాల యజమానులు చెల్లించెదరు. దీనిలో చేరుటకు చర్చలు జరుపుతున్న ఫ్లిప్‌కార్ట్ సంస్థ ప్రజా వ్యతిరేకతను గమనించి ఏప్రిల్ 14న వైదొలగినది.

ఫ్రీ బేసిక్స్

2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ సంస్థ రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి భారతదేశంలో ఇంటర్నెట్.ఆర్గ్ అను సేవను ప్రారంభించినది. ఇది మొదట కొన్ని రాష్ట్రాలలోనే లభించినది. వాటిలో ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ ఉన్నవి. రిలయన్స్ చందాదారులు ముప్పైకి పైగా వెబ్‌సైట్లను డేటా రుసుము లేకుండా చూడగలిగేవారు. మిగిలిన అంతర్జాలానికి డబ్బు చెల్లించవలసి ఉండేది. 2015 ఏప్రిల్‌లో క్లియర్‌ట్రిప్, ఎన్‌డీటీవీ సంస్థలు దీని నుండి తప్పుకొన్నవి. సెప్టెంబరులో దీని పేరు ఫ్రీ బేసిక్స్‌గా మారినది.

ఏమీ లేనివానికి కొంతైనా అందుట మంచిదని, అంతర్జాలాన్ని రుచి చూసినవారు తరువాత పూర్తి సేవను కొనుక్కొనెదరని ఫేస్‌బుక్ వాదించినది. ఆ కొన్ని వెబ్‌సైట్లు ఏవో నిర్ణయించే అధికారము ఎవరిదని విమర్శకులు ప్రశ్నించారు. ఉచిత జాబితాలోని వెబ్‌సైటుకు అలవాటుపడిన రైతు, అంతకంటె మంచి సమాచారము గల మరొక చిన్న తెలుగు వెబ్‌సైటును చూడవలెనన్న డబ్బు చెల్లించవలసివచ్చును. దీనివలన అటువంటి వెబ్‌సైట్లు ఎదగలేవని, పేదలకు ఒక అంతర్జాలము, ధనికులకు మరొకటి ఏర్పడునని వారి వాదన. హైదరాబాదు నుండి పనిచేసే "స్వేచ్ఛ" భాగస్వామిగా ఉన్న ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ ఆఫ్ ఇండియా కూడా ఫ్రీ బేసిక్స్‌ను వ్యతిరేకించినది.

2016 నిబంధనలు

ధరలలో వ్యత్యాసము గురించి 2015 డిసెంబరు 9న ట్రాయ్ మరొక సంప్రదింపుల పత్రాన్ని విడుదల చేసినది. ఫేస్‌బుక్ తన సభ్యుల చేత ఫ్రీ బేసిక్స్‌ను సమర్థిస్తూ లక్షలాది సందేశాలు పంపించినది. అయితే వాటిలో చాలావరకు తాను అడిగిన ప్రశ్నలకు సమాధానాలు కావని ట్రాయ్ పేర్కొన్నది.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తన నిబంధనలు ప్రకటించినది. చూసే విషయాన్ని బట్టి డేటా ధరలలో భేదము చూపరాదని అవి నిషేధించినవి. ఉల్లంఘించిన సంస్థకు రోజుకు 50,000 రూపాయల చొప్పున, 50 లక్షల రూపాయలకు మించకుండా జరిమానా విధించవచ్చును. విపత్తుల వంటి అత్యవసర పరిస్థితులకు మాత్రము మినహాయింపు కలదు. కొద్ది రోజులలోనే ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్‌ను భారతదేశంలో నిలిపివేసినది.

ఈ సూత్రము లాభాపేక్ష లేని సేవలకు కూడా వర్తించును. వికీపీడియాను డేటా రుసుము లేకుండా అందించే "వికీపీడియా జీరో" పథకము 2013లో ఎయిర్‌సెల్ ద్వారా భారతదేశంలో మొదలైనది. వ్యాపారము కాకపోయినను అదికూడా జీరో రేటింగే అని తటస్థతావాదులలో కొందరు విమర్శించారు. వికీమీడియా ఫౌండేషన్ ఈ పథకానికి 2018లో ముగింపు పలికినది.

తదుపరి పరిణామాలు

2017 నవంబరు 28న ట్రాయ్ అడ్డగింపు, వేగము తగ్గింపు, వేగంలో ప్రాధాన్యము కూడా నిషేధించవలెనని సిఫారసు చేసినది. 2018 జూలైలో టెలికాం కమిషన్ వీటిని ఆమోదించినది. ఆపై ఈ షరతులు టెలికాం సంస్థల లైసెన్సు ఒప్పందాలలో చేర్చబడినవి. అమెరికాలో ఇందుకు భిన్నంగా జరిగినది. అక్కడ 2015లో వచ్చిన నిబంధనలు 2017 డిసెంబరులో రద్దయినవి. 2024లో మరల తేబడిన వాటిని 2025 జనవరిలో న్యాయస్థానము కొట్టివేసినది.

అందుబాటు సమస్య

తటస్థత అనేది అంతర్జాలము ఉన్నవారికి మాత్రమే ఉపయోగపడే హక్కు. ఫ్రీ బేసిక్స్‌ను నిరాకరించిన తరువాత, లేనివారి సంగతి ఏమిటన్న ప్రశ్న అలాగే నిలిచినది. గ్రామీణ చందాదారులకు నెలకు 100 ఎంబీ డేటాను, ఏ వెబ్‌సైటుకైనా వాడుకొనే విధంగా, ఉచితంగా ఇవ్వవచ్చునని 2016 డిసెంబరులో ట్రాయ్ సిఫారసు చేసినది. 2016 సెప్టెంబరులో జియో రాకతో ఏర్పడిన పోటీ వలన డేటా ధరలు బాగా తగ్గినవి. ఆంధ్ర ప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకము నెలకు 149 రూపాయల ప్రారంభ ధరతో అంతర్జాలము, టీవీ, ఫోను కలిపి అందించినది.

అయినను అంతరము తొలగలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము అంతర్జాలాన్ని ఎప్పుడైనా వాడిన స్త్రీలు దేశంలో 33 శాతము కాగా, తెలంగాణలో 26.5 శాతము, ఆంధ్ర ప్రదేశ్‌లో 21 శాతము మాత్రమే. ధరలు తగ్గిన తరువాత తీసిన లెక్కలివి. ఇంటిలో ఫోను ఎవరి చేతిలో ఉన్నది, చదువు ఎంత, తన భాషలో పనికివచ్చే సమాచారము ఉన్నదా అన్నవి కూడా అందుబాటును నిర్ణయించునని దీనివలన తెలియుచున్నది. వలయంలో వివక్ష ఉండరాదన్న నియమము 2018 నాటికి సాధింపబడినది. ఆ వలయము అందరికీ చేరుట మిగిలియున్న పని.