విదేశం నుంచి వచ్చిన పిల్లవాడు మాట్లాడడం లేదా?

అమలాపురం, రాజోలు ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకూ, భీమవరం, తణుకు వైపు నుంచి అమెరికాకూ వెళ్లిన కుటుంబాలు ఎన్నో. వారి పిల్లలు తాతగారింటికి వచ్చి ఇక్కడి బడిలో చేరినప్పుడు పెద్దలకు రెండు బెంగలు పట్టుకుంటాయి. "వీడు నోరు విప్పడేం? ఈ మొండితనం ఏమిటి?"

"రెండు భాషలతో బుర్ర గందరగోళమైంది, తెలుగు మానిపించండి" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. "అమ్మా, మిల్క్ కావాలి" అని కలిపి మాట్లాడడం జబ్బూ కాదు. తెలుగు మానిపిస్తే మాత్రం అమ్మమ్మతో మనసు విప్పుకునే దారి మూసుకుపోతుంది.

కొత్త భాష మధ్య పడిన పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు వింటూ ఊరుకుంటారు. ఇంట్లో గలగలా మాట్లాడుతూ బడిలో మౌనంగా ఉంటే వెంటనే కంగారు పడనక్కరలేదు. నెలలు గడిచినా మార్పు లేకపోతే వైద్యునికి చూపించండి.

నోటితో చెప్పుకోలేని బాధ చేతల్లో బయటపడుతుంది. కొరకడం, కొట్టడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం ఇలాంటివే. తల్లి కువైట్‌లో ఉండి పిల్లవాడు ఇక్కడ ఉంటే, అది అమ్మమీద బెంగ కూడా కావచ్చు. దెబ్బలు వేయకండి. రోజూ ఒకే వేళకు తల్లితో ఫోనులో మాట్లాడించండి. చుట్టాల ముందు "ఏదీ, తెలుగులో చెప్పు" అని పరీక్షలు పెట్టకండి. వాడి యాసకు నవ్వకండి. నిద్రవేళ కథ చెప్పండి. వీధి పిల్లలతో ఆడుకోనివ్వండి. కొన్నాళ్లకు వాడే "ఆయ్" అంటాడు!

అయితే ప్రతి ఆలస్యాన్నీ భాషమీదికి నెట్టి కూర్చోవడం ప్రమాదం. రెండు భాషల్లో వచ్చిన మాటలనూ కలిపి లెక్కించండి. 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా, 2 ఏళ్లకు రెండేసి మాటలు కలపకపోయినా, పిలిస్తే పలకకపోయినా, కళ్లలోకి చూడకపోయినా ఆలస్యం చేయకండి. వచ్చిన మాటలు పోతుంటే ఏ వయసులోనైనా వెంటనే చూపించాలి.

మొట్టమొదట చేయించవలసింది వినికిడి పరీక్ష. తరువాత పిల్లల వైద్యుని, అవసరమైతే స్పీచ్ థెరపిస్టును సంప్రదించండి. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లోనూ ప్రభుత్వ పాఠశాలల్లోనూ ఇలాంటి లోపాలను ఉచితంగా పరీక్షిస్తారు. "మా ఇంట మగపిల్లలకు మాట ఆలస్యమే" అని ఊరుకుంటే, శిక్షణ బాగా పనిచేసే పసివయసు కాస్తా దాటిపోతుంది.