మిద్దె కింద ఫ్యాను లెక్క

ఆదోని, ఎమ్మిగనూరు దుకాణాల్లో సీలింగ్ ఫ్యాను కొనేవాళ్లు ముందు రంగు చూస్తారు, తర్వాత ధర అడుగుతారు, ఆపైన కంపెనీ పేరు. అట్టపెట్టె మీద ఇంకో రెండు అంకెలు ఉంటాయి, వాటి జోలికి ఎవరూ పెద్దగా పోరు. నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి తోస్తుందన్నది ఒకటి, అందుకు ఎన్ని వాట్లు లాగుతుందన్నది రెండోది. మొదటి అంకెను రెండోదానితో భాగిస్తే వచ్చేదాన్ని సర్వీస్ వాల్యూ అంటారు. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ ఫ్యానుకు ఇచ్చే స్టార్లన్నీ ఈ ఒక్క భాగహారం మీదే ఆధారపడి ఉన్నాయి.

మన ఇళ్లలో మామూలుగా ఉండే 48 అంగుళాల ఫ్యాను కనీసం 210 ఘనపు మీటర్ల గాలి తోయాలని నిబంధన. సర్వీస్ వాల్యూ 4 ఉంటే ఒక స్టారు, 6కు చేరితే ఐదు. 210ని 6తో భాగిస్తే 35 వాట్లు. 4తో భాగిస్తే 52.5 వాట్లు. ఇరవై ఏళ్లుగా మిద్దెకు వేలాడుతున్న 75 వాట్ల పాత ఫ్యానుకు ఇదే లెక్క వేస్తే 2.8 వస్తుంది, అంటే ఒక్క స్టారూ రాదు. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు. కాబట్టి లేబుల్ ఉన్న కొత్త ఫ్యాను ఎంత చౌకదైనా దాదాపు 52 వాట్ల దగ్గరే ఆగాలి. అయినా ‘మూడింట రెండు వంతుల కరెంటు ఆదా’ అనే మాట మాత్రం ఇంకా వినిపిస్తూనే ఉంది. పాత 75 వాట్ల ఫ్యానుతో పోల్చితే తప్ప లెక్క ఆ మాట దగ్గరికైనా రాదు. బేరం దగ్గర ముందు పట్టుకోవలసిన తిరకాసు ఇది.

ఇక ధర. ఒక స్టారు మామూలు ఫ్యాను రూ.1,600, ఐదు స్టార్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ మోటారు) ఫ్యాను రూ.3,000 అనుకుందాం. కంపెనీని, దుకాణాన్ని బట్టి నూటో రెండు వందలో అటూఇటూ అవుతుంది. 18 శాతం జీఎస్టీ రెండింటికీ ఒకటే కాబట్టి మొదటిదాంట్లో రూ.244, రెండోదాంట్లో రూ.458 పన్నుకే పోతాయి. మిగతా తేడా అంతా మోటారులో ఉంది. మామూలు ఫ్యానులో తీగచుట్ట, ఒక కండెన్సర్, రెండు బేరింగులు, అంతే సంగతి. తిరిగే భాగంలో కరెంటును ప్రేరేపించి తిప్పుతుంది కాబట్టి కొంత శక్తి వేడిగా వృథా అవుతుంది. బీఎల్‌డీసీలో తిరిగే భాగానికి శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు ఏసీ కరెంటును డీసీగా మార్చి, ఏ చుట్టకు ఎప్పుడు కరెంటు ఇవ్వాలో నిర్ణయిస్తుంది. ఆ అయస్కాంతాలకు, బోర్డుకు, రిమోట్‌కు పన్నుతో కలిపి మనం పెట్టే ఖర్చే రూ.1,400.

మామూలు ఫ్యానులోనూ ధర తగ్గించే దారులు ఉన్నాయి, అవి కంటికి కనపడవు. రాగి తీగ బదులు అల్యూమినియం, మంచి బేరింగు బదులు నాసిరకం, మందం తగ్గిన రెక్క. పైన రంగు మాత్రం రెండింటికీ తళతళలాడుతుంది. దుకాణంలో ఫ్యానును చేత్తో ఎత్తి బరువు చూసే పెద్దమనుషులను చూసి నవ్వుకోవద్దు, వాళ్లు చూసేది లోపలి లోహాన్ని.

ఇప్పుడు బిల్లుకు వద్దాం. ఆదోనిలో మే నెలంటే 40 డిగ్రీలు దాటడం మామూలే. పగలూ రాత్రీ కలిపి రోజుకు 15 గంటలు నిండు వేగంతో తిరిగిందనుకుంటే నెలకు 450 గంటలు. పాత 75 వాట్లది 33.75 యూనిట్లు కాలుస్తుంది, కొత్త 52 వాట్లది 23.4, 30 వాట్ల బీఎల్‌డీసీ 13.5. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి అమల్లోకి వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లు రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6. ఆదా అయ్యే యూనిట్లు ఎప్పుడూ పై మెట్టు నుంచే తగ్గుతాయి. కాబట్టి ఒకే ఫ్యాను ఒక్కో ఇంట్లో ఒక్కో మొత్తం మిగులుస్తుంది.

నెలకు 160 యూనిట్లు కాల్చే ఇంటిని తీసుకోండి. 52 వాట్లది కాకుండా 30 వాట్లది కొంటే నెలకు 9.9 యూనిట్లు, అంటే రూ.59 మిగులుతుంది. అదనంగా పెట్టిన రూ.1,400 తిరిగి రావడానికి 24 నెలలు. 100 యూనిట్ల ఇంట్లో మిగిలేది రూ.45, పట్టేది 31 నెలలు. 60 యూనిట్ల ఇంట్లో మిగిలేది రూ.30 కూడా కాదు. అక్కడ 47 నెలలు కావాలి.

బాగానే తిరుగుతున్న 75 వాట్ల ఫ్యానును దించేసి కొత్తది పెడితే? అప్పుడు ఖర్చు రూ.3,000 మొత్తం, ఆదా నెలకు 20.25 యూనిట్లు. మూడు ఇళ్లకూ వరుసగా 25, 33, 49 నెలలు. కొత్త ఇంటికి రెండింట్లో ఏది కొనాలన్న లెక్కా, పాతది దించాలా వద్దా అన్న లెక్కా దాదాపు ఒకే చోటికి రావడం విచిత్రమే. ఇవన్నీ ఎండాకాలపు నెలలని మరిచిపోకూడదు. డిసెంబరు, జనవరిల్లో ఫ్యాను జోలికే పోని రాత్రులు ఉంటాయి కాబట్టి క్యాలెండరులో ఇంకాస్త ఎక్కువే పడుతుంది. బిల్లులో సర్దుబాటు చార్జీలు కలిస్తే కొంచెం ముందుకు జరుగుతుంది. చిన్న ఇంటికి నాలుగేళ్లు దాటే ఈ లెక్క పక్కన వారంటీ కాగితం పెట్టి చూడండి. అందులో రెండేళ్లని ఉంటే మిగతా రెండేళ్లు దేవుడి మీద భారం.

ఎందుకంటే బోర్డు ఉండే చోటు అలాంటిది. మధ్యాహ్నం ఎండకు కాగిన మిద్దె రాత్రి పది దాటినా వేడి వదలదు, ఆ వేడంతా గదిలో పైభాగానే ఉంటుంది, ఫ్యాను మోటారు ఉండేదీ అక్కడే. ఎలక్ట్రానిక్ బోర్డుల్లో ముందు చనిపోయేవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని ఇంజినీర్లు స్థూలంగా లెక్క కడతారు. చల్లటి ఊళ్లో పదేళ్లు నడిచిన బోర్డు ఇక్కడా అన్నేళ్లు నడుస్తుందని అనుకోలేం. మామూలు ఫ్యాను మూలిగితే మన బజారులో కండెన్సర్ మార్చడానికి వంద రూపాయలు చాలా ఎక్కువ. కాలిపోతే వైండింగ్ దుకాణంలో కొత్త తీగ చుట్టి, సాయంత్రానికో మర్నాటికో చేతిలో పెడతారు. బోర్డు పోతే ఆ పని సాగదు. కంపెనీ సర్వీసుకు ఫోన్ చేయాలి, ఆ మోడల్ బోర్డే రావాలి. వారంటీ దాటాక బోర్డుకు రూ.700 అయిందనుకుంటే 160 యూనిట్ల ఇంటికి అది ఏడాది ఆదా, 60 యూనిట్ల ఇంటికి రెండేళ్ల ఆదా. దగ్గర్లో సర్వీసు మనిషి ఉన్నాడా అన్న ప్రశ్న ఏ స్టార్ లేబుల్‌లోనూ ఉండదు. నా వరకు ఇక్కడ ధరకంటే అదే పెద్ద ప్రశ్న.

బీఎల్‌డీసీకి బిల్లుతో సంబంధం లేని బలం కూడా ఒకటి ఉంది. సాయంత్రం ఊరంతా మోటార్లు, కూలర్లు వేసినప్పుడు వోల్టేజి పడిపోతే మామూలు ఫ్యాను ఈసురోమని తిరుగుతుంది. చాలా బీఎల్‌డీసీ మోడళ్లు 140 వోల్టులకు పడినా వేగం తగ్గించవు. కరెంటు పోతే తేడా మరీ స్పష్టం. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ ఇన్వర్టర్ బ్యాటరీ కాగితం మీద 1,800 వాట్-అవర్లు. నష్టాలు పోను 1,200 చేతికి వస్తాయనుకుంటే రెండు పాత ఫ్యాన్లు 8 గంటలు తిరుగుతాయి, రెండు బీఎల్‌డీసీలు 20 గంటలు. ఇన్వర్టర్ ఉన్న ఇంటివాళ్లు ఫ్యాను ధరను బ్యాటరీ ధరతో పోల్చాలి, కరెంటు బిల్లుతో కాదు.

ఎమ్మిగనూరు మగ్గాల వీధుల్లో ఈ లెక్కలు సగం చెల్లవు. మాచాని సోమప్ప 1938లో నేత సహకార సంఘం పెట్టిన ఊరు ఇది. చేనేత ఇళ్లకు నెలకు 200 యూనిట్లు ఉచితమని రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రకటించింది. ఉచిత యూనిట్ల లోపల ఎంత పొదుపు చేసినా మిగిలేది సున్నా. ఆ ఇంటికి రూ.1,600 ఫ్యానే లాభం, దాన్ని బాగుచేసేవాడూ పక్క వీధిలోనే ఉంటాడు. ఇంకో సంగతి: గుంట మగ్గం ఉన్న గదిలో ఎక్కువ గాలి గొప్ప గుణం కాదు. నూలు పోగుకు తేమ కావాలి, నేలలో గుంట తీసి మగ్గం వేయడంలో ఆ లాభం కూడా ఉంది. వడగాలిని ఫ్యాను నేరుగా పడుగు మీదికి తోస్తే పోగులు ఎండి తెగుతాయి, తెగిన పోగును అతకడానికి పని ఆపాలి. 235 ఘనపు మీటర్ల ఫ్యాను పక్కగదిలో వరం, ఇక్కడ బెడద. మగ్గం గదికి కావలసింది నేసే మనిషికి తగిలి పడుగుకు తగలని గాలి, అంటే ఫ్యాను ఎక్కడ బిగించారన్నదే.

అదే పడకగదికి కొనేటప్పుడు మాత్రం వాట్లు తక్కువని మురిసిపోకుండా గాలి అంకె కూడా చూడాలి. 28 వాట్లతో 210 తోసేదానికీ ఐదు స్టార్లే, 35 వాట్లతో 235 తోసేదానికీ ఐదు స్టార్లే. రెండోది 12 శాతం ఎక్కువ గాలి ఇస్తుంది, అందుకు నెలకు 3.15 యూనిట్లు అదనం. నాలుగున్నర రూపాయల మెట్టులో అది రూ.14. మన ఎండకు ఆ పద్నాలుగు రూపాయలు పెట్టవచ్చు.

ఇంతసేపూ అందం మాట ఎత్తలేదు. అందానికి మన దగ్గర మొదటి శత్రువు దుమ్ము. ఆదోని జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కల పత్తి సీజన్‌లో దూది నూగు గాలిలోనే తేలుతుంటుంది. అది రెక్క ముందంచు మీద పేరుకుని, నల్లరేగడి దుమ్ముతో కలిసి గీతలా కడుతుంది. తెల్ల ఫ్యాను మీద వారానికే కనపడుతుంది. బ్రౌన్ ఫ్యాను అన్ని దుకాణాల్లో ఎందుకు ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. రెక్కల మీద నగిషీ గాడులు, మోటారు చుట్టూ బంగారు రంగు పువ్వులు ఉన్న మోడల్‌కు ఇంకో ఐదారు వందలు ఎక్కువ పెడతాం. దానివల్ల గాలి పెరగదు, ఆ గాడుల్లో నూగు ఇరుక్కుని తుడిచే పని మాత్రం పెరుగుతుంది. ఈ విషయంలో బీఎల్‌డీసీకి మంచి మార్కులు వేయాలి. మోటారు తక్కువ వేడెక్కుతుంది కాబట్టి గాలి రంధ్రాలు లేకుండా మూసేయవచ్చు, నూగు లోపలికి పోదు. నున్నగా, మూసి ఉన్న రూపం ఇక్కడ అందమూ, పనితనమూ.

ఇంకో చిక్కు, ఫ్యాను కొనేవాడూ బిల్లు కట్టేవాడూ ఒకరు కాకపోవడం. బాడుగ ఇంటికి ఫ్యాను బిగించేది యజమాని, బిల్లు కట్టేది బాడుగకున్నవాళ్లు. పెళ్లికి ఫ్యాను చదివించేవాళ్లకు పెట్టె మీద బొమ్మ ముఖ్యం. గుళ్లకూ బళ్లకూ ఇచ్చే ఫ్యాన్ల రెక్కల మీద దాత పేరు పెయింటుతో రాయించడం మనవాళ్ల ఆచారం. అందుకు వెడల్పాటి పాతకాలపు రెక్కే కావాలి. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ పేరు చదవలేం, ఆ సంగతి దాతకూ తెలుసు.

ఎల్‌ఈడీ బల్బు ఈ చిక్కులన్నీ దాటేసింది. ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ టోకున కొనడం మొదలుపెట్టిన 2014లో ఒక్కో బల్బు రూ.310 ఉండేది, 2016 నాటికి రూ.38కి దిగింది. మన రాష్ట్రంలో అనంతపురం సహా నాలుగు జిల్లాల్లో 2014లోనే పంపిణీ మొదలైంది. 2016లో అదే సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో 50 వాట్ల ఫ్యాన్లు కూడా ఇచ్చింది, కానీ బల్బులా ఇల్లిల్లూ చేరలేదు. బల్బు మాడిపోతుంది, కొత్తది కొనక తప్పదు. ఫ్యాను పదిహేను, ఇరవై ఏళ్లు చావదు. ఐఐటీ బొంబాయిలో చదివినవాళ్లు 2012లో పెట్టిన ఆటంబర్గ్ లాంటి కంపెనీలు బీఎల్‌డీసీని ఇళ్లకు తెచ్చాయి, పెద్ద కంపెనీలన్నీ వెనకే వచ్చాయి. వాళ్లందరి అసలు పోటీ మన మిద్దెకున్న పాత ఫ్యానుతోనే.

ఇంట్లో మూడు ఫ్యాన్లుంటే మూడూ ఒకేసారి మార్చే పని లేదు. పిల్లలో ముసలివాళ్లో పడుకునే గదిలో రోజుకు 18 గంటలు తిరిగే 75 వాట్ల ఫ్యానును ముందు మార్చండి, నెలకు 24.3 యూనిట్లు తగ్గుతాయి. చుట్టాలొస్తేనే వేసే ముందుగది ఫ్యాను రోజుకు 3 గంటలు తిరిగితే మిగిలేది నెలకు 4 యూనిట్లు, రూ.18. దాని రూ.3,000 తిరిగి రావడానికి పదమూడేళ్లు దాటుతుంది. ఖరీదైన ఫ్యానును చాలామంది బిగించేది మాత్రం నలుగురూ చూసే ఆ గదిలోనే. అక్కడ పాతదే ఉండనివ్వండి, కండెన్సర్ మార్పించి రెక్కలు తుడిపిస్తే చాలు.